గీకేసిన పేరు

ఆల్మాటీ,
17 జనవరి 1999

అత్తకి సలాం.

నాన్న నలభయ్యో రోజు భోజనాలయ్యాక నిన్ను రైలెక్కించి వచ్చానో లేదో ఇల్లంతా బోసిపోయింది. నువ్వున్న పది రోజులూ నా వంటింట్లో గిన్నెలన్నీ నీ ఇష్టమొచ్చినట్టు సర్దేస్తుంటే లోలోపల విసుక్కున్న మాట నిజం. ఇప్పుడు మాంసం కోసే కత్తి ఎక్కడ పెట్టావో తెలీక చిన్న చాకుతో నెట్టుకొస్తున్నాను. ఎక్కడుందో రాయి.

అసలు సంగతికొస్తాను. రేడియో వాళ్లు ఇంటికొచ్చారు. ఈ శరత్కాలంలో పెద్ద హాల్లో ఒక కచేరీ పెడతారట. అరవైల్లో పాటలు కట్టి, పాడి, ఈ మూడు నాలుగేళ్లలో ఒకరి తర్వాత ఒకరుగా వెళ్లిపోయిన వాళ్లందరి జ్ఞాపకంగా. అందులో సగం నాన్న పాటలే. "దుయ్‌సెన్‌బెక్ పాట లేకుండా ఈ దేశంలో ఒక్క పెళ్లయినా జరిగిందా అమ్మా?" అన్నాడు డైరెక్టరు.

నేనొకటి అనుకున్నాను. ముప్పై ఏళ్లొచ్చాయి, అచ్చాఫీసులో ఊరందరి తప్పులూ దిద్దుతూ కూర్చుంటాను. నాన్న పాటలు ఇరవైమూడూ కలిపి ఒక పుస్తకం వేస్తాను. ప్రతి పాట కిందా ఎప్పుడు కట్టాడు, ఎక్కడ కట్టాడు, మొదట ఎవరు పాడారు, అన్నీ రాస్తాను. నాన్న చిన్నతనం తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే మిగిలావు. కాబట్టి నా ప్రశ్నలు ఓపిగ్గా విను.

మొదటిది రేవు పాట. "అవతలి గట్టున పొగ లేస్తోంది, పడవవాడా, నన్ను మరిచావా." రేవులో ఎదురుచూసే ఆ పిల్ల ఎవరు? అమ్మేనా? ఊరికొక ముసలమ్మ ఆ పిల్లని నేనేనని చెప్పుకుంటోందట.

రెండోది. నాన్న అకార్డియన్ పెట్టె అడుగున ఒక రికార్డు దొరికింది. రేవు పాటే, 1964 నాటిది. మధ్యనున్న కాగితం మీద నాన్న పేరుంది. పాడిన వాళ్ల పేరుండాల్సిన చోట మేకుతో గీకేసినట్టుంది. ఎందుకు?

మూడోది. 72 తర్వాత నాన్న ఒక్క పాటా ఎందుకు కట్టలేదు? కిడ్నీల జబ్బు అనేది అమ్మ. కానీ ఆ జబ్బొచ్చింది 80లో.

మోకాళ్లకి ఆ మందు రాసుకో. దాచుకోవడానికి కాదు నేనిచ్చింది.

నీ మేనకోడలు,
కంషాత్


కజాలీ,
30 జనవరి 1999

కంషాత్‌కి మేనత్త ఉల్‌బోసిన్ దీవెనలు.

కత్తి బియ్యం డబ్బా వెనకాల ఉంది. కత్తులుండే చోటది. నువ్వు పెట్టుకున్న చోట స్పూన్లుండాలి.

పుస్తకం మంచి ఆలోచన. మీ నాన్న గురించి ఎవరో ఒకరు సరిగ్గా రాయాలి. మొన్న జిల్లా పత్రికలో వాడు పుట్టిన ఏడు తప్పేశారు. నేను స్వయంగా వెళ్లి ఆ ఎడిటరు బల్ల మీద మా ఇంటి పుట్టుకల పుస్తకం పెట్టి వచ్చాను. రాసుకో. వాడు పుట్టింది 1938 మార్చిలో. వాడికి మూడేళ్ల ముందు నేను. మగపిల్లాడు పుట్టాలని నాకు ఉల్‌బోసిన్ అని, అంటే "కొడుకు కావాలి" అని పేరు పెట్టారు. ఆ పేరు పని చేసింది, తర్వాత వాడు పుట్టాడు. కాబట్టి ఈ దేశపు పాటలన్నిటికీ మూలం నేనేనని నీ పుస్తకం మొదటి పేజీలో వేసుకోవచ్చు.

రేవు పాటలో పిల్ల ఎవరైతే ఏమిటి? పాటలో పిల్ల పాటలోనే ఉంటుంది. మీ అమ్మ అని రాయి, పోయిన మనిషి సంతోషిస్తుంది.

రికార్డు మీద కాగితం పాతబడి చిరిగి ఉంటుంది. ముప్పై అయిదేళ్ల కాగితం మరి. పాడింది దామెష్ అని లోకమంతటికీ తెలుసు. దామెష్ అనే రాయి.

పాటలెందుకు మానేశాడంటావా, అలిసిపోయాడు. రేడియో వాళ్లు ఇంకేమైనా అడిగితే, అత్తకి మతిమరుపొచ్చిందని చెప్పు.

ఇక్కడ నది గడ్డకట్టింది. పక్కింటివాళ్లు మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టారు, నాకూ రెండు పంపారు. ఎండబెట్టి నీకు పంపుతాను. ఆల్మాటీలో మీరు తినేది చేప కాదు, తడిసిన అట్ట.

అత్త


ఆల్మాటీ,
20 ఫిబ్రవరి 1999

అత్తా,

చేపలందాయి. బాగున్నాయి. ఇక సంతోషం కలిగించే మాట ఈ ఉత్తరంలో లేదు.

పక్కింటివాళ్ల పాత గ్రామఫోను అడిగి తెచ్చి ఆ రికార్డు పెట్టాను. అది దామెష్ గొంతు కాదు. దామెష్ గొంతు నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. ఈమెది ఇంకా పల్చటి గొంతు, ఇంకా దగ్గరగా ఉంది. పక్కగదిలో ఎవరో పాడుకుంటుంటే మనం విన్నట్టుంటుంది. అత్తా, నేను మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ పని చేసుకోలేకపోయాను.

రికార్డు అట్ట లోపల ఒక ఫోటో కూడా ఉంది. నాన్నకి పాతికేళ్లుంటాయేమో. పక్కన బంగారు రంగు జడల అమ్మాయి, ఆమె భుజం మీద నాన్న చెయ్యి. వెనకాల నాన్న దస్తూరీ: "నా పాటలన్నీ నీ గొంతులోనే పుట్టాయి. 1964." పేరు లేదు.

నాకు ముప్పై ఏళ్లు, పసిపిల్లని కాను. నాన్నకి ఎవరో ఉండేది. రేవు పాట ఆమె మీదే. ఆ పేరు గీకేసింది బహుశా అమ్మే అయ్యుంటుంది. నాన్న పాటలు మానేసింది కూడా ఆమె కోసమే. అమ్మ ప్రతి పెళ్లిలోనూ ఆ పాటకి నాన్నతో కలిసి నాట్యం చేసేది. అది గుర్తొస్తే నాకు ఒళ్లు మండిపోతోంది.

నువ్వు నాకు అబద్ధం చెప్పావు. కాగితం చిరగలేదు, మేకు గీతలు వేలికి తగులుతున్నాయి. ఎవరామె?

కంషాత్


కజాలీ,
9 మార్చి 1999

కంషాత్,

నోరు కడుక్కో. తర్వాత చెయ్యి కూడా కడుక్కో, ఆ ఉత్తరం రాసిన చెయ్యి.

నీ నాన్న నీ అమ్మని తప్ప ఇంకో ఆడదాన్ని కన్నెత్తి చూడలేదు. ఆ ఫోటోలో పిల్ల గురించి నువ్వనుకున్నది మా అమ్మ విని ఉంటే నీ చెవి మెలిపెట్టి ఉండేది. రేడియో వాళ్లు నీకేం నూరిపోశారో నాకు తెలుసు. పోయినవాడి మీద ఒక మరక దొరికితే కచేరీకి జనం ఎక్కువ వస్తారు. నువ్వు వాళ్ల చేతికి ఆ మరక అందిస్తున్నావు.

ఇక ఈ సంగతి నాకు రాయకు.

ఉల్‌బోసిన్


ఆల్మాటీ,
5 ఏప్రిల్ 1999

అత్తకి,

నెల రోజులు ఆగి రాస్తున్నాను, కోపం తగ్గుతుందేమోనని. తగ్గలేదు.

నాకెవరూ ఏమీ నూరిపోయలేదు. నేను కూతుర్ని. ఉన్నదున్నట్టు తెలుసుకోవాలనుకున్నాను, అంతే. నువ్వు చెప్పవు కాబట్టి దామెష్ గారింటికి వెళ్లాను. అరవై దాటినా రాణీగారిలా ఉంది. టీ పోసింది, జామ్ పెట్టింది, నాన్న గురించి ఎంతో మర్యాదగా మాట్లాడింది. నేను ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కప్పు కింద పెట్టి, చాలాసేపు చూసి, "ఈ పేరు చెప్పాల్సింది నేను కాదు. మీ అత్త బతికే ఉంది కదా?" అంది. ఆ తర్వాత వాతావరణం గురించే మాట్లాడింది.

అంటే అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు.

కాబట్టి నేను నిర్ణయించుకున్నాను. పుస్తకంలో రేవు పాట ఉండదు. ఇరవైరెండే ఉంటాయి. అబద్ధం అచ్చు వేయడం నా చేత కాదు, నా ఉద్యోగమే తప్పులు తీసేయడం. మే నెలలో కజాలీ రానని కూడా ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

కంషాత్


కజాలీ,
25 ఏప్రిల్ 1999

కంషాత్,

రేవు పాట లేని దుయ్‌సెన్‌బెక్ పుస్తకమా! నువ్వు నా మేనకోడలివేనని ఇవాళ నమ్మకం కుదిరింది. ఎక్కడ కొట్టాలో తెలుసు నీకు.

విను. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ముప్పై నాలుగేళ్లు స్టేషనులో తంతి పని చేసిన దాన్ని, మాటకింతని డబ్బు కట్టే జనానికి మాటలు తగ్గించి పెట్టడమే నా పని. ఇవాళ తగ్గించను.

ఆ అమ్మాయి పేరు సరిగుల్. మీ నాన్నకీ నాకూ చెల్లెలు.

1941లో, యుద్ధం మొదలైన ఏడు, వోల్గా నది పక్కనుండే జర్మన్లని ఊళ్లకి ఊళ్లు రైళ్లెక్కించి మన వైపు తోలారు. ఒక బండి మా స్టేషనులో పక్క పట్టా మీద రెండు రోజులు నిలబడిపోయింది. మా అమ్మ స్టేషనులో దుప్పట్లు ఉతికేది. అంతకి వారం ముందే మాకు మూడు నెలల చంటిపిల్ల పోయింది. అమ్మ రొమ్ములు పాలతో బరువెక్కి జ్వరం కూడా వచ్చింది. బండి పక్కగా నడుస్తుంటే లోపల పసిపిల్ల ఏడుపు వినిపించింది. తల్లి గడ్డిలో చచ్చిపడి ఉంది, పిల్ల ఆమె పక్కనే ఉంది. పెట్టెలో ఉన్న ఒక ముసలామె ఆ పిల్లని తలుపులోంచి అందించింది. ఒంటికి చుట్టిన గుడ్డ మీద దారంతో పేరు కుట్టి ఉంది: ఫ్రీదా లాంగ్. మా అమ్మ పట్టాల పక్క రాళ్ల మీదే కూర్చుని పాలిచ్చింది. నాకు ఆరేళ్లు, పక్కనే నిలబడ్డాను. ఆ పిల్ల గుటకలు వేసిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

బంగారు జుట్టు కాబట్టి సరిగుల్ అని, పసుపు పువ్వని పేరు పెట్టుకున్నాం. మా అమ్మ పాలు తాగింది, మా రొట్టె తింది, మా తిట్లు తింది. ఇంక చెల్లెలు కాక ఏమవుతుంది?

రేవు పాట సంగతి చెబుతాను, నవ్వకు. సరిగుల్‌కి ఆరేళ్లప్పుడు అమ్మ రెల్లు కోయడానికి పడవలో అవతలి గట్టుకి వెళ్లింది. గాలివాన వచ్చి పడవవాడు ఆ రోజు తిరిగి రాలేదు. సరిగుల్ రేవులో నిలబడి ఒకటే ఏడుపు. అవతల మంట వేసుకున్న పొగ కనిపిస్తోంది, అమ్మ కనిపించడం లేదు. "పడవవాడా, నన్ను మరిచావా" అని దారుణంగా అరిచింది. మీ నాన్నకి తొమ్మిదేళ్లు. "అక్కా, ఇది ఏడుస్తున్నా రాగం తప్పడం లేదే!" అన్నాడు. పెద్దయ్యాక దాన్నే పాట చేశాడు. పెళ్లిళ్లలో జంటలు కళ్లలో కళ్లు పెట్టుకుని తిరిగే ఆ పాట, ముక్కు కారుతున్న ఆరేళ్ల పిల్ల మీద కట్టింది. మీ అమ్మకిది తెలుసు. ఆ పాటకి నాట్యం చేస్తూ అందుకే నవ్వేది.

64లో దాన్ని పాడింది సరిగుల్. అప్పటి నుంచి ఎనిమిదేళ్లపాటు మీ నాన్న కట్టిన ప్రతి పాటా ముందు ఆమే పాడింది. రైల్లో, బజార్లో, బట్టలుతికే చోట, ఎక్కడ విన్నా ఆమె గొంతే. రాబర్ట్ అనే వెల్డింగు పనివాణ్ణి చేసుకుంది, అతనూ జర్మనే. ఆంతోన్ అని కొడుకు.

70లో అమ్మ పోతూ ఆ పేరు కుట్టిన గుడ్డ సరిగుల్ చేతికిచ్చింది. దాన్ని పట్టుకుని వెతికితే, జర్మనీలో ఆమెని కన్నతల్లికి అన్న ఒకడు బతికున్నాడని తేలింది. వెళ్లిపోతామని కాగితాలు పెట్టుకున్నారు. అప్పట్లో అలా వెళ్లడమంటే ఏమిటో నీకు తెలీదు. వెళ్లినవాళ్ల గొంతు రేడియోలో వినిపించకూడదు. టేపులన్నీ చెరిపేశారు. మీ నాన్నని పిలిచి కాగితం ముందు పెట్టారు: నా పాటలు ఇంకొకరు మళ్లీ పాడి రికార్డు చేయడానికి నాకు సమ్మతమే, మొదటి గొంతు పనికిరానిది. సంతకం చేయకపోతే పాటలు కూడా పోతాయి. చేశాడు.

చేసి, రైలెక్కి నా దగ్గరికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి "అక్కా, సంతకం పెట్టేశాను" అన్నాడు. నేను నాలుగు తిట్టి ఉంటే తట్టుకునేవాడు. నేనేమన్నానో తెలుసా? "మంచి పని చేశావు. అది మనల్ని వదిలేసింది" అన్నాను. ఆ తర్వాత వాడు ఇంకో పాట కట్టలేదు. ఆ మేకు గీతలు ఎవరివో నాకు తెలీదు. వాడివి మాత్రం కాకూడదని కోరుకుంటున్నాను.

సరిగుల్ వెళ్లేటప్పుడు టెలిగ్రాం ఇచ్చింది. "రైలు కజాలీలో పన్నెండు నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీదికి రా అక్కా." ఆ టెలిగ్రాం అందుకుని రాసుకున్నది నా చేతులే. తంతి గది నుంచి ప్లాట్‌ఫారానికి ముప్పై అడుగులు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉంది. పన్నెండు నిమిషాలూ.

తర్వాత ఏడు ఉత్తరాలు రాసింది. చదవలేదని అబద్ధం చెప్పను, ప్రతి ముక్కా చదివాను. ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఆమె పేరెత్తొద్దని వీధి వీధంతటినీ నోరు మూయించాను. కన్నవాళ్ల తరఫు మనిషిని చూడాలని ఎవరికైనా ఉంటుందని నాకు అర్థమయ్యేసరికి ముసలిదాన్నయ్యాను. ఇంతకాలం తర్వాత ఏ మొహంతో రాయాలో తెలీలేదు.

చివరి ఉత్తరం 83 నాటిది. దాని వెనకున్న అడ్రసు ఈ కాగితం అడుగున ఎక్కించాను. నువ్వు రాయి. నేను రాస్తే చింపేస్తుంది. నీది చదువుతుంది.

మే నెలలో రా. తిట్టడానికైనా రా.

అత్త


ఆల్మాటీ,
10 జూలై 1999

అత్తా,

మేలో వచ్చినప్పుడు నిన్ను తిడదామనే వచ్చాను. నువ్వు పుచ్చకాయ మడిలో మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీస్తుంటే నోరు రాలేదు. నేను కూడా కూర్చుని కలుపు తీశాను. అప్పటికి జర్మనీ ఉత్తరం వెళ్లి పది రోజులైంది. జవాబు నిన్న వచ్చింది.

సరిగుల్ అత్త రాయలేదు. ఆంతోన్ రాశాడు, రష్యన్‌లో, తప్పులతో. దాదాపు మొత్తం ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"గౌరవనీయ కంషాత్ గారికి. మీ ఉత్తరం పాత అడ్రసుకి వెళ్లి తిరిగి తిరిగి మా ఇంటికొచ్చింది. మా అమ్మ మార్చి పదకొండున గుండెపోటుతో పోయింది. యాభైఏడేళ్లు. ఇక్కడ ఆస్పత్రి చాకిరేవులో పాతికేళ్లు పనిచేసింది, స్టేజీ మీద ఎప్పుడూ పాడలేదు. నేను బస్సు నడుపుతాను. అమ్మ ఇంట్లో మీ భాష పాటలే పాడేది. రేవు పాట ఎప్పుడూ మొదటి చరణం వరకే పాడి ఆపేసేది. రెండోది అడిగితే, అది ఇంటికి వెళ్లాక పాడతాను అనేది. డిసెంబరులో ఎవరో చెప్పారు, దుయ్‌సెన్‌బెక్ పోయాడని. ఆ రోజు సింకు దగ్గర నిలబడి పాట మొత్తం పాడింది, రెండో చరణంతో సహా. తర్వాత గిన్నెలు కడిగింది. నాకు పదాలన్నీ నోటికొచ్చు. అర్థం సగమే తెలుసు. మీరు చెప్పగలరా?"

అత్తా, లెక్క వేయకుండా ఉండలేకపోయాను. నేను నిన్నడిగింది జనవరిలో.

ఇప్పుడు పుస్తకం సంగతేం చేయాలో పాలుపోవడం లేదు. సరిగుల్ పేరు వేయాలంటే ఆ పేరు ఎందుకు పోయిందో చెప్పాలి. అది చెప్పాలంటే నాన్న సంతకం చెప్పాలి. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. కూతురు చేతులతో ఆ పని ఎలా చేయను?

కంషాత్


కజాలీ,
24 జూలై 1999

కంషాత్,

నువ్వు వేసిన లెక్క నేనూ వేశాను. నువ్వు మర్యాదకి సగంలో ఆపేశావు, నేను పూర్తి చేస్తాను. జనవరిలో నేను నిజం రాసి ఉంటే, ఫిబ్రవరి చివరికల్లా ఆమె చేతిలో ఉత్తరం ఉండేది. ఆమె పోవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు నేను నిన్ను నోరు కడుక్కోమని రాశాను. ఇది నాది. నువ్వు దీన్ని తేలిక చేయాలని చూడకు, నేనూ మోయలేనని గోల చేయను. మోస్తాను.

మూడు రోజులు బయటికి వెళ్లలేదు. నాలుగో రోజు పిండి కలిపి, చెల్లెలు పోతే చేయాల్సినట్టే రొట్టెలు కాల్చి వీధిలో ఏడు ఇళ్లకి పంచాను. "ఎవరి పేరు మీద?" అని అడిగారు. చెప్పాను. ఇరవైఏడేళ్ల తర్వాత నా నోటితోనే. వాళ్లందరికీ గుర్తుంది, కంషాత్! ఎదురింటి ముసలాయన రొట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే పాట ఎత్తుకున్నాడు.

ఇక నీ ప్రశ్న. రాయి. అన్నీ రాయి. మీ నాన్న సంతకం పెట్టాడని రాయి. పెట్టి, ఇక ఒక్క పాటా కట్టలేకపోయాడని కూడా రాయి. సిగ్గుపడ్డవాడే అలా మానేస్తాడు, సిగ్గులేనివాడైతే ఇంకో నలభై కట్టేవాడు. అది వాడి గౌరవమే. వాడి అక్క మంచి పని చేశావంది, ముప్పై అడుగులు నడవలేదు, ఏడు ఉత్తరాలకి జవాబు రాయలేదు, అది కూడా నా పేరుతో సహా రాయి. మేమిద్దరం బాగుండాలని ఆమెని ఇంకోసారి చెరిపేస్తే మాత్రం నీ పుస్తకం నా గడప తొక్కకూడదు.

ఆ బస్సు అబ్బాయిని పిలువు. పాట అర్థం ఉత్తరాల్లో చెప్పేది కాదు, రేవు చూపించి చెప్పాలి.

మందు రాసుకుంటున్నాను. కంపు కొడుతోంది.

అత్త


ఆల్మాటీ,
18 అక్టోబరు 1999

అత్తా,

కచేరీ నిన్న అయింది. నువ్వు రాలేకపోయావు కాబట్టి ఒక్కటీ వదలకుండా చెబుతాను.

ముందు డైరెక్టరుతో గొడవ. రేవు పాట పక్కన సరిగుల్ పేరు వేయమని నెల రోజులు తిరిగాను. "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా, దామెష్ గారు నొచ్చుకుంటారు" అన్నాడు. కార్యక్రమ పత్రంలో దామెష్ పేరే వేశాడు. సరే, నాకు మాట్లాడటానికి మూడు నిమిషాలిచ్చారు కదా, అక్కడ చెబుతాననుకున్నాను.

నా వంతు రాకముందే దామెష్ స్టేజీ మీదికి వచ్చింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. వాద్యాలు రేవు పాట ఎత్తుకున్నాయి. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది.

"ఈ పాట నేను పాడను," అంది. "72లో నన్ను ఒక గదిలో రెండు రోజులు కూర్చోబెట్టి, ఒక రికార్డు వినిపించారు. వినేవాడికి తేడా తెలీకుండా పాడాలన్నారు. నేను బాగా పాడేదాన్ని, కానీ అలా పాడటం నాకు రాదు. కాబట్టి ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుందో కూడా నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ మీరు నాకు కొట్టిన చప్పట్లలో సగం ఆమెవి. ఆమె పేరు సరిగుల్. ఈ మార్చిలో పోయింది. నేను బతికుండగా ఈ మాట చెప్పే ధైర్యం వస్తుందనుకోలేదు. ఈ పిల్ల ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాక నిద్ర పట్టడం మానేసింది." అని నా వైపు చూసి, "రికార్డు తెచ్చావా?" అంది.

తెచ్చాను. సంచిలోనే ఉంది. గ్రామఫోను ఆవిడే తెప్పించి పెట్టింది, డైరెక్టరుకి తెలీకుండా.

అత్తా, ఆ పల్చటి గొంతు అంత పెద్ద హాల్లో ఎలా సరిపోయిందో నాకు తెలీదు. నా పక్కన ఒక పెద్దాయన భార్య చెయ్యి పట్టుకుని "ఇదే! మన పెళ్లికి వేసిన గొంతు ఇదే! నేను చెప్తే నువ్వు నమ్మావా!" అని గట్టిగా అనేశాడు. ఎవరూ ఉష్ అనలేదు. చాలామంది ఏడ్చారు. జర్మనీ నుంచి వచ్చిన ఆంతోన్ మాత్రం ఏడవలేదు. నిటారుగా కూర్చుని, స్టీరింగు పట్టుకున్నట్టు ముందు కుర్చీ అంచు పట్టుకుని విన్నాడు.

తర్వాత నా మూడు నిమిషాలు. సంతకం గురించి చదివాను. నీ గురించీ చదివాను. నాన్న స్నేహితులు ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఒకాయన బయట నన్ను పట్టుకుని "చచ్చినవాణ్ణి జనం మధ్య నిలబెట్టి కొట్టావు కదమ్మా" అన్నాడు. "కొట్టలేదు బాబాయ్. ఆయన ఒంటరిగా మోసింది దింపి పెట్టాను" అన్నాను. ఆయనకి నచ్చలేదు. నాకు నచ్చింది.

పుస్తకం అచ్చుకి వెళ్లింది. ఇరవైమూడు పాటలు. పందొమ్మిదింటి కింద "మొదట పాడినవారు: సరిగుల్."

ఆంతోన్ 25న కజాలీలో దిగుతాడు. పొడుగ్గా ఉంటాడు, మొహమాటపడతాడు. మరీ ఎక్కువ తినిపించి చంపకు.

నీ కంషాత్


టెలిగ్రాం
కజాలీ, 25 అక్టోబరు 1999

దిగాడు. బట్టతల. ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాను. తింటున్నాడు. అత్త


కజాలీ,
2 నవంబరు 1999

కంషాత్‌కి,

నిన్న రైలెక్కించాను. వారం రోజులున్నాడు. మొహమాటం రెండో రోజుకి పోయింది. మూడో రోజుకి నా తలుపు బిగించాడు, నాలుగో రోజుకి నన్నెదిరించి టీలో పాలు తక్కువ పోసుకున్నాడు. మనవాడే.

రేవుకి తీసుకెళ్లాను. రేవేముంది ఇప్పుడు, నది సన్నబడిపోయింది, పడవ బదులు ఇనప వంతెన వేశారు. అయినా వాళ్లమ్మ నిలబడ్డ చోటు చూపించాను. పాట పదం పదం విడదీసి చెప్పాను. అదేదో పెద్ద ప్రేమ పాట అనుకున్నాడట. ముక్కు కారుతున్న పిల్ల సంగతి చెప్తే గట్టు మీదే కూలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ, తర్వాత మొహం తిప్పుకున్నాడు. నేను నది వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత పాడాడు. కంషాత్, ఆ అబ్బాయి గొంతు ఘోరం. సరిగుల్ కడుపున అలాంటి గొంతు ఎలా పుట్టిందో దేవుడికే తెలియాలి. కానీ రెండో చరణం దాకా ఒక్క పదం తప్పలేదు.

ఆ ఏడు ఉత్తరాలూ ఇచ్చేశాను. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని చదివాం, వాడు పైకి చదివాడు, నేను తెలీని మాటలు అందించాను. అందులో అంతా వీడి చిన్నతనమే. కొత్త దేశంలో బడికి వెళ్లనని మంచం కిందికి దూరడం, మొదటి పన్ను ఊడితే కజాలీకి పంపమని ఏడవడం. వీడికి ఒక్కటీ గుర్తు లేదు. ప్రతి ఉత్తరం చివరా "అక్కా, కోపం తగ్గాక రాయి" అని ఉంది. అది కూడా వాడే పైకి చదివాడు, ఏడుసార్లు. ఏడుసార్లూ విన్నాను. వాడు నన్ను ఓదార్చబోలేదు. అందుకు వాడంటే నాకు గౌరవం కలిగింది. చివరిది చదివాక "ఇప్పుడు తగ్గిందా?" అని అడిగాడు. "తగ్గింది" అన్నాను.

ఇది నవ్వుకోవడానికి రాస్తున్నాను. పరదేశి ఎవరింట్లో దిగినా మూడు రోజుల్లో పోలీసు ఆఫీసుకి వెళ్లి పేరు రాయించాలి కదా. నేనూ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. బల్ల వెనకాల ఒక కుర్రాఫీసరు, మీసం కూడా సరిగ్గా రాలేదు. పాస్‌పోర్టు చూశాడు, వీణ్ణి చూశాడు, నన్ను చూశాడు.

"ఇతను మీకేమవుతాడు?"

"చెల్లెలి కొడుకు."

"అవ్వా, ఇతను జర్మన్."

"నేను గుడ్డిదాన్ని కాదు."

"మీ చెల్లెలని రుజువు చేసే కాగితమేదైనా ఉందా?"

"లేదు. ఉన్నవన్నీ చెరిపేశారు. నీ పెళ్లయిందా?"

"అయింది" అన్నాడు బెదిరిపోయి.

"పెళ్లిలో రేవు పాట వేశారా?"

"వేశారు."

"అది పాడిన మనిషి కొడుకు వీడు. ఆమె నా చెల్లెలు. కలం పట్టుకో, చెబుతాను."

ముప్పై నాలుగేళ్లు తంతి మీద అక్షరం అక్షరం పలికిన గొంతు నాది, పక్కగదిలో వాళ్లు కూడా పని ఆపేశారు. స, రి, గు, ల్. ఒక్కొక్కటే చెప్పాను. వాడు తల్లి పేరు రాసే గడిలో రాశాడు. వాడి మీద నమ్మకం లేక కాదు కానీ, కాగితం నా వైపు తిప్పమని చెప్పి చూసుకున్నాను. సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత ముద్ర వేయించాను.

ఉంటాను.

నీ మేనత్త, ఆంతోన్‌కి పెద్దమ్మ,
ఉల్‌బోసిన్